కడుపులో మాట: పేగు కేన్సర్ ఆపరేషన్ అయ్యాక

పోయిన సంచికలో పలాస నుంచి ఒకావిడ రాశారు, పెద్ద పేగు కేన్సర్‌కి ఆపరేషన్ అయిన వాళ్లాయన మళ్లీ ఎప్పటికి మామూలు మనిషవుతాడని. దానికి నాలుగు ముక్కలు జవాబు రాశాను. అప్పట్నుంచి ఒకటే ఉత్తరాలు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు, అన్నీ మన శ్రీకాకుళం విజయనగరం వైపు నుంచే. తమాషా ఏటంటే ఆపరేషన్ గురించి ఒక్కరూ అడగలేదు. అందరిదీ ఆ తర్వాతి గొడవే. డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టి పంపేశాక ఇంట్లో ఏటి తినాలి, ఏటి కట్టుకోవాలి, ఎక్కడికి వెళ్లొచ్చు, ఎవరికి చెప్పాలి అని.

నేను డాక్టర్ని కాదు, సర్జికల్ వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. అందుకని మందుల డోసులు నన్నడగొద్దు, అవి మీ సర్జన్‌గారినే అడగండి. మిగతాది మాట్లాడుకుందాం. మొహమాటపడే మాటలు కొన్ని వస్తాయి, అన్నం తింటూ చదివే అలవాటున్నవాళ్లు తినేశాక చదువుకోండి.

బొబ్బిలి నుంచి ఒక అమ్మాయి: మా నాన్నకి 58 ఏళ్లు. రెక్టమ్ (మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగం) కేన్సర్ అన్నారు. ముందు కరెంటు (రేడియేషన్) పెట్టారు, తర్వాత ఆపరేషన్ చేసి పొట్టమీద మలం పడే బేగు పెట్టారు, కీమో అయ్యాక బేగు తీసేసి పేగు లోపల పెట్టేశారు. బేగు పోయింది కదా ఇంక కష్టాలు గట్టెక్కాయి అనుకున్నాం. ఇప్పుడు రోజుకి పది పన్నెండు సార్లు బాత్రూమ్‌కి వెళ్తున్నాడు, రాత్రి కూడా లేస్తున్నాడు, ఒక్కోసారి వెళ్లేలోపే అయిపోతోంది. మేనకోడలి పెళ్లికి కూడా రానన్నాడు. ఇడ్లీ, మజ్జిగన్నం తప్ప ఏదీ ముట్టట్లేదు. కేన్సర్ తిరగబెట్టిందని అమ్మ ఏడుస్తోంది సిస్టరమ్మా.

ముందు అమ్మగారి ఏడుపు ఆపు తల్లీ. నువ్వు రాసినదంతా చూస్తే ఇది కేన్సర్ తిరగబెట్టిన లక్షణం కన్నా ఆపరేషన్ తర్వాత పేగు పెట్టే పేచీలాగే ఉంది. దీనికి డాక్టర్ల దగ్గర పేరు కూడా ఉంది, లార్స్ అంటారు. రెక్టమ్ కింది దాకా తీసి కలిపిన చాలామందికి ఎంతో కొంత ఇది వస్తుంది, ముందు కరెంటు పెట్టించుకున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. డిశ్చార్జ్ రోజున ఈ మాట ఒక్కటి చెప్పి పంపితే సగం ఇళ్లల్లో ఈ ఏడుపులుండవు, కానీ ఆ రోజు ఎవరి తొందర వాళ్లది.

ఎందుకిలా అంటే, రెక్టమ్ అనేది మన ఇంటి వీధి అరుగు లాంటిది. వచ్చినవాడు అక్కడ కాసేపు కూర్చుంటాడు, మనం పిలిచినప్పుడే లేస్తాడు. ఇప్పుడా అరుగు తీసేశారు, పైనున్న పేగుని తెచ్చి నేరుగా తలుపుకి కలిపేశారు, ఆ పేగుకి ఆపి ఉంచడం తెలీదు, అందుకే కొంచెం వచ్చినా తోసేస్తుంది. ఒకసారి వెళ్లొచ్చి లుంగీ సర్దుకునేలోపే మళ్లీ రావడం, గంటలో నాలుగైదు సార్లు వెళ్లి తర్వాత సగం రోజు ఏమీ లేకపోవడం, గాలో మోషనో తేడా తెలియకపోవడం, ఇవన్నీ అందులో భాగమే. పేగుకి అలవాటవ్వాలి. మొదటి ఏడాదిలో చాలావరకు సర్దుకుంటుంది, కొందరికి రెండేళ్ల దాకా మెల్లమెల్లగా బాగుపడుతూనే ఉంటుంది. పూర్తిగా పాతరోజుల్లాగే అయిపోతుందని మాత్రం నేను అనను, కొందరికి రోజుకి మూడు నాలుగు సార్లు అలా ఉండిపోతుంది, కానీ దాంతో హాయిగా బతుకుతారు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఒక నోటుబుక్కు తెచ్చి నాన్నగారి మంచం పక్కన పెట్టు, ఏ టైముకి ఏం తిన్నారు, ఏ టైముకి వెళ్లారు, అంతే రాయాలి, ఒక వారం పది రోజులు రాస్తే ఆయన పేగు దేనికి రెచ్చిపోతోందో అందులోనే కనిపిస్తుంది. ఒకరికి టీ, ఒకరికి పాలు, ఒకరికి వేపుడు, ఒకరికి గుంటూరు కారం. అందరికీ ఒకే పథ్యం ఉండదు, పక్కింటాయన చెప్పిన లిస్టు మీ నాన్నగారికి పనికిరాదు. ఇంకో సంగతి, బయటికెళ్లాలంటే భయమేసి తిండి మానేస్తారు చూడు, దానివల్ల మోషన్లు తగ్గవు, కండ తగ్గుతుంది. కొంచెం కొంచెంగా, రోజూ ఒకే టైముకి పెట్టు. గుడ్డు, చేప, పప్పు ఒక్కొక్కటే మొదలుపెట్టు, ఒకేరోజు మూడు కొత్తవి పెట్టేసి ఏది పడలేదో తెలీక తల పట్టుకోవద్దు. రాత్రి భోజనం ఏడింటికల్లా అయిపోతే రాత్రి లేవడం కొంత తగ్గుతుంది.

ఇసబ్‌గోల్ పొట్టు సంగతి డాక్టర్‌గారిని అడగండి. మలబద్ధకానికి కదా అది, విరేచనాలవుతుంటే ఎందుకు అంటారు మీరు. అది నీటిని పీల్చుకుని మోషన్‌ని గట్టిపరుస్తుంది, ముక్కలు ముక్కలుగా పదిసార్లు వచ్చేది కలిసి నాలుగుసార్లకి వస్తుంది. వీళ్లు మాత్రం పెద్ద గ్లాసుడు నీళ్లల్లో కాకుండా కొద్ది నీళ్లల్లో కలుపుకోవాలి. లోపెరమైడ్ అని మాత్ర ఉంది, పేగు వేగాన్ని తగ్గిస్తుంది, పెళ్లికో ప్రయాణానికో బయల్దేరే ముందు వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది. ఎంత, ఎప్పుడు అన్నది సర్జన్‌గారు చెప్పాలి. మందుల షాపు కుర్రాడు చెప్పినట్టు కాదు.

ఎక్సర్‌సైజ్ ఒకటుంది, ఎవరికీ కనబడదు, బస్సులో కూర్చుని కూడా చెయ్యొచ్చు. గాలి బయటికి పోకుండా ఆపుకుంటాం చూడు, అలా కింది కండని బిగపట్టి అయిదారు సెకన్లు ఉంచి వదలడం, పదిసార్లు, రోజుకి మూడు పూటలా. తొడలు పిర్రలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. రెండు మూడు నెలలు మానకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది, వారం చేసి ఏం లేదు అని వదిలేస్తారు మగవాళ్లు.

అన్నిసార్లు కడుక్కునేసరికి అక్కడ చర్మం పుండవుతుంది, ఆ మాట నువ్వు రాయలేదు కానీ ఉండే ఉంటుంది, కూతురికి చెప్పరు కదా. సబ్బు వద్దు, గోరువెచ్చని నీళ్లతో కడిగి మెత్తటి పాత నూలుగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు, ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా రాయాలి. మీ ఇంట్లో బాత్రూమ్ పెరట్లో అటు చివరుంటే రాత్రికి దారిపొడుగునా లైటుండేలా చూడండి, లేదంటే కమోడ్ కుర్చీ ఒకటి కొని గదిలోనే పెట్టండి. చీకట్లో పరిగెత్తి పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లని వార్డులో చూశాను.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఇంతే అని ఊరుకోకండి, కింది నుంచి నీళ్లు ఎక్కించి పొద్దున్నే పేగు ఖాళీ చేసుకునే పద్ధతి ఉంది, పెద్దాసుపత్రుల్లో నేర్పిస్తారు. రక్తం పడుతున్నా, తింటున్నా బరువు తగ్గిపోతున్నా, కడుపు ఉబ్బి గాలి కూడా పోకుండా వాంతులవుతున్నా అది వేరే లెక్క, నోటుబుక్కు పక్కన పడేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంక పెళ్లి. తీసుకెళ్లండి. మంటపంలో బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసి దానికి దగ్గర కుర్చీ వెయ్యండి, సంచిలో ఇంకో జత బట్టలు, పెద్దవాళ్ల డయపర్ ఒకటి. మేనమామ లేకుండా పెళ్లేటి?

సోంపేట నుంచి ఒక ఇల్లాలు: మా ఆయనకి చిన్న పేగు బయటికి తీసి బేగు పెట్టారు, ఆర్నెల్లలో మూసేస్తామన్నారు. బేగులో అంతా నీళ్లలాగే వస్తోంది, రోజుకి ఎన్నిసార్లు ఖాళీ చేస్తున్నామో లెక్కలేదు. ఎండలకి నీరసం, పిక్కలు పట్టేస్తున్నాయి. నీళ్లు బాగా తాగిస్తున్నాను, చెట్టు కొబ్బరిబొండాలు కూడా కొట్టి ఇస్తున్నాను, ఐనా నాలుక పిడచకట్టుకుపోతోంది.

అమ్మా, మీ ఉత్తరం చదివి కంగారుపడ్డాను, అందుకే ఈమధ్యే మీ వాట్సాప్‌కి కూడా చెప్పాను, ఇక్కడ మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను. ఇది ఇలియోస్టమీ. కుడివైపు పెడతారు మామూలుగా. చిన్న పేగు పీల్చుకోగా మిగిలిన నీళ్లూ ఉప్పూ పీల్చుకునే పని పెద్ద పేగుది, ఇక్కడ పెద్ద పేగు దాకా వెళ్లకముందే బయటికి వచ్చేస్తోంది, అంచేత నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతోంది. పిక్కలు పట్టెయ్యడం అందుకే.

ఇక్కడే అందరూ బోల్తాపడేది. వట్టి నీళ్లు ఎక్కువ తాగితే తగ్గదు సరికదా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఉప్పు లేని నీళ్లు చిన్న పేగులోకి వెళ్తే పేగు తన ఒంట్లో ఉప్పుని ఆ నీళ్లల్లోకి వదిలి బయటికి పంపేస్తుంది. కొబ్బరినీళ్లు మంచివే కానీ అందులో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ, మీ ఆయనకి కావాల్సింది సోడియం. ఓఆర్ఎస్ ఇవ్వాలి. డబ్బాల్లో అమ్మే తియ్యటి జ్యూసు లాంటిది కాదు, పేకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉండాలి, లీటరు పేకెట్ లీటరు నీళ్లల్లోనే కలపాలి, గ్లాసులో సగం పేకెట్ వేసి ఉజ్జాయింపుగా కాదు. గంజిలో ఉప్పేసి ఇవ్వండి, మన పాత గంజే. అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం జావ, ఉడికించిన బంగాళాదుంప, పెరుగు, ఇవి వచ్చేదాన్ని కాస్త చిక్కబరుస్తాయి.

లీటరు మగ్గు ఒకటి గీతలున్నది కొని, బేగు ఖాళీ చేసిన ప్రతిసారీ అందులో వంపి చూసి రాయండి. సర్దుకున్న ఇలియోస్టమీకి రోజుకి 500 నుంచి 800 మిల్లీలీటర్ల వరకు వస్తుంది. రోజుకి లీటరున్నర దాటుతున్నా, మూత్రం తగ్గి పచ్చగా వస్తున్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా ఆ రోజే సెలైన్ ఎక్కించుకోవాలి, రేపు చూద్దాం అనొద్దు.

మీది ఉద్దానం కాబట్టి ఇంకో మాట. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీ అంతంత మాత్రంగా ఉన్న మనిషికి ఇలియోస్టమీతో నీళ్లు పోతే దెబ్బ కిడ్నీకే. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి, ముందునుంచే ఎక్కువుంటే ఆ రిపోర్టు సర్జన్‌కీ కీమో డాక్టర్‌కీ ఇద్దరికీ చూపించాలి, ఎందుకంటే కీమో మాత్రల డోసు కూడా కిడ్నీని బట్టే మారుతుంది. ఓఆర్ఎస్‌లో పొటాషియం ఉంటుంది కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎంత తాగాలో అడిగే తాగాలి. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిపించుకోకండి, ఊళ్లో ఎవరు పొడుస్తానన్నా సరే.

తిండిలో మీ ఊరి చుట్టూ దొరికేవే కొన్ని బేగు ఉన్నన్నాళ్లు పక్కన పెట్టాలి. పనస తొనలు, ముదురు కొబ్బరి, మొక్కజొన్న పొత్తు, తేగలు. పీచు ఉండకట్టి ఆ చిన్న కన్నం దగ్గర అడ్డుపడుతుంది. జీడిపప్పు కూడా గుప్పెడు నోట్లో వేసుకుని నమలకుండా మింగితే అదే గతి, పొడి చేసి కూరలో వేస్తే పర్వాలేదు. కొన్ని గంటలపాటు బేగులోకి ఏమీ రాకుండా కడుపు మెలిపెట్టి నొప్పొస్తే అడ్డుపడిందని అర్థం, వెంటనే ఆసుపత్రికి.

విజయనగరం నుంచి ఒక పెద్దావిడ (కూతురు రాసి పంపింది): నాకు మలద్వారం మూసేసి ఎడంవైపు బేగు పెట్టారు, ఇది జీవితాంతం అట. చుట్టూ చర్మం ఎర్రగా ఒలిసిపోయింది, బేగు రెండు రోజులు కూడా అతుక్కుని ఉండట్లేదు. బేగులు చాలా ఖరీదు. వాసనొస్తుందేమో అని ఎవరి పక్కనా కూర్చోను. పైడితల్లమ్మ పండగకి ఏనాడూ మానలేదు, ఇప్పుడు ఈ అశుచితో గుళ్లోకి వెళ్లొచ్చా?

అమ్మగారూ, చర్మం సంగతి ముందు. ఒలిసిందంటే తొంభై పాళ్లు, బేగుని చర్మానికి అతికించే ఫ్లాంజ్‌కి కన్నం పెద్దగా కత్తిరిస్తున్నారు. ఆసుపత్రిలో మొదటిరోజు స్టోమా, అంటే పొట్టమీదికి తెచ్చిన పేగు మూతి, వాచి ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అది చిన్నదవుతుంది, ఇంట్లో మాత్రం ఆ మొదటిరోజు కొలతతోనే కత్తిరిస్తూ పోతారు. ఆ సందులో మలం చేరి చర్మాన్ని తినేస్తుంది, తడి చర్మానికి ఫ్లాంజ్ అంటుకోదు, అందుకని రెండోరోజే ఊడుతుంది, ఊడింది కదా అని ఇంకోటి, ఖర్చంతా అక్కడే పోతోంది మీకు.

పొద్దున్నే టీ తాగకముందు మార్చండి, అప్పుడు పేగు నిద్రలో ఉంటుంది. పాత ఫ్లాంజ్‌ని ఒక చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి, తడిగుడ్డతో అద్దుతూ పైనుంచి కిందికి మెల్లగా తీయాలి, కట్టు పీకినట్టు పీక్కూడదు. వట్టి నీళ్లతో కడగండి, స్పిరిట్టు, డెటాలు, కొబ్బరినూనె ఏదీ వద్దు, నూనె రాస్తే అసలే అంటదు. కడుగుతుంటే స్టోమా నుంచి చుక్క రక్తం రావచ్చు, భయపడకండి, దానికి నొప్పి కూడా తెలీదు. పలచటి ప్లాస్టిక్ కాగితం స్టోమా మీద పెట్టి పెన్నుతో చుట్టూ గీసి, ఆ గీతకి రెండు మిల్లీమీటర్లు మాత్రం వదిలి కత్తిరించమనండి అమ్మాయిని, కత్తిరించిన అంచుని వేలితో నిమరాలి, గరుగ్గా ఉంటే గీసుకుంటుంది. ఒలిసినచోట స్టోమా పౌడరు చల్లి, ఎక్కువైంది ఊదేసి, ఆ ఫ్లాంజ్‌ని రెండు అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి అప్పుడు అతికించి, పైన చెయ్యి అలాగే ఆనించి ఉంచండి. మూడు నుంచి అయిదు రోజులు నిలవాలి. బేగు మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యాలి, బరువెక్కితే లాగేస్తుంది. స్టోమా రంగు మన పెదవి లోపలిలా ఎర్రగా తడిగా ఉండాలి, నల్లబడితే ఆ గంటలోనే ఆసుపత్రి.

వాసన గురించి. బేగు సరిగ్గా అతుక్కుని ఉంటే బయటికి రాదు, మీ ముక్కుకి అనుమానం అంతే. పక్కనున్న మనవణ్ణి అడగండి, చిన్నపిల్లలు అబద్ధం చెప్పరు. గుడ్డు, ఉల్లి, ముల్లంగి, కాబేజీ గాలీ వాసనా పెంచుతాయి, పెరుగు మజ్జిగ తగ్గిస్తాయి. చీర కుచ్చిళ్లు బేగు మీదికి కాకుండా కాస్త పైకి కట్టుకోండి, లంగా బొందు స్టోమా మీద పడకూడదు.

ఇంక అశుచి. అమ్మగారూ, సిరిమాను చూడ్డానికి మూడు లాంతర్ల దగ్గర నిలబడే అన్ని వేలమందిలో ఎవరి కడుపులో లేదు అది? వాళ్లకి లోపలుంది, మీకు బయట మూతపెట్టిన సంచిలో ఉంది. స్నానం చేసి, బేగు ఖాళీ చేసుకుని వెళ్లండి. పూజారిగారు ఒప్పుకుంటారా అని అడగాల్సిన పని కూడా లేదు, చీర కింద ఏముందో ఎవరికి తెలుసు. నేను చెప్పే జాగ్రత్త వేరే, ఆ తోపులాటలో పొట్టకి మోచెయ్యి తగలకుండా చూసుకోండి, దసరా వెళ్లాక వచ్చే ఆ మంగళవారం కాకుండా ముందురోజుల్లోనే దర్శనం చేసుకొస్తే హాయి, సిరిమాను ఎవరింటి డాబా మీంచైనా చూడొచ్చు. ఉపవాసం మాత్రం వద్దు, ఖాళీ కడుపులో గాలి చేరి బేగు బూరెలా పొంగుతుంది.

నరసన్నపేట నుంచి ఒక టీచరు: కీమో ఇంజెక్షన్ పెట్టిన రోజు నుంచి ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నా షాక్ కొడుతోంది, చల్లనీళ్లు గొంతులో ముళ్లలా గుచ్చుకుంటున్నాయి. కీమో అయిపోయింది, ఇప్పుడు అరికాళ్లు మొద్దుబారాయి, చాక్‌పీస్ జారిపోతోంది.

అది ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు పని తమ్ముడూ. చల్లదనానికి షాక్ కొట్టడం ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులుండి పోతుంది, మొద్దు మాత్రం వేరు, అది డోసులు పెరిగేకొద్దీ పేరుకుంటుంది. కీమో ఆపాక కూడా రెండు మూడు నెలలు కొంచెం పెరగొచ్చు, దాన్ని చూసి హడలిపోకండి, తర్వాత నెలల మీద తగ్గుతుంది, కొందరికి కాలివేళ్లల్లో కొద్దిగా ఉండిపోతుంది. కీమో ఇంకా నడుస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మొద్దుబారడం మొదలవ్వగానే డాక్టర్‌కి చెప్పండి, డోసు తగ్గించడమో ఆపడమో చేస్తారు, చెప్తే కీమో ఆపేస్తారేమోనని దాచేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. షుగరుంటే కంట్రోల్లో పెట్టుకోండి, బీ12 ఒకసారి చూపించుకోండి. ఉత్తకాళ్లతో పొలంగట్టు మీద తిరగొద్దు, ముల్లు దిగినా తెలీదు, రాత్రి పడుకునేముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి. వేడినీళ్లు కాలితో కాదు మోచేత్తో చూడండి. మంట, పోట్లు బాగా ఉంటే దానికి మాత్రలున్నాయి, మొద్దుకి మాత్రం మందు లేదు, ఉందని అమ్మేవాళ్లున్నారు.

పేరు, ఊరు వద్దన్నారు: నాకు 42. రెక్టమ్ ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి భార్యతో కలవలేకపోతున్నాను. ఎవరికి చెప్పుకోవాలో తెలీట్లేదు.

నాకు రాశారు కదా, సగం పని అయినట్టే. ఆ ఆపరేషన్ చేసేచోటు పక్కనుంచే అంగం గట్టిపడటానికి పనిచేసే నరాలు పోతాయి. ఆపరేషన్‌లోనో కరెంటు వల్లో అవి దెబ్బతింటాయి, నలిగిన నరమైతే ఏడాది రెండేళ్లల్లో కొంత తేరుకుంటుంది. మీ మగతనం ఎక్కడికీ పోలేదు, మీ తప్పు అంతకన్నా కాదు. సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆడవాళ్లని బయట కూర్చోబెట్టి ఒక్క నిమిషం అడగండి, యూరాలజిస్టు దగ్గరికి పంపుతారు, మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర వాడేవాళ్లు మాత్రం వాటిని అస్సలు ముట్టకూడదు, ప్రాణం మీదికొస్తుంది. ఆవిడతో కూడా చెప్పండి, ఆవిడ తనమీద మనసు లేదనుకుంటూ ఉండుంటుంది. ఆడవాళ్లకీ ఇది ఉంటుంది, కరెంటు పెట్టాక లోపల పొడిబారిపోయి నొప్పి, వాళ్లు అసలే చెప్పరు, జెల్లులున్నాయి, గైనిక్ డాక్టర్‌ని అడగండి.

చీపురుపల్లి నుంచి: మా బావగారికి కీమో మాత్రలకి అరచేతులు నల్లబడి తొక్కలు లేస్తున్నాయి. మాత్రలు మానేసి ఆకు పసరు తాగితే చాలంటున్నారు ఒకాయన.

ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు. అరచేతులకి యూరియా క్రీము, మెత్తటి చెప్పులు, డాక్టర్‌కి ఫోన్. మాత్రలకి కొన్ని రోజులు గేపు ఇచ్చి డోసు తగ్గిస్తారు, అది వాళ్లకి రోజూ పనే.

రాజాం నుంచి ఒక కోడలు: మా మావయ్యగారికి పెద్ద పేగు కుడివైపు తీశారు, కీమో కూడా అయిపోయింది. కేన్సర్ మనిషని అత్తయ్య మంచం దిగనివ్వట్లేదు. ఆయన పొలం వెళ్తానంటారు. ఇంకా ఎన్నాళ్లు చెకప్‌లకి తిరగాలి? వైజాగ్ వెళ్లొచ్చినప్పుడల్లా ఖర్చులు. మా ఆయనకి కూడా పరీక్ష చెయ్యాలా?

మీ అత్తయ్యగారికి ఇది చదివి వినిపించు. పొట్టమీద కోత మానేదాకా, అంటే ఓ ఆరు నుంచి ఎనిమిది వారాలు, బరువెత్తకూడదు, నీళ్ల బిందె కూడా. ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టొచ్చు. ధాన్యం బస్తా మాత్రం ఇంకొకరు ఎత్తాలి, కుట్ల దగ్గర హెర్నియా వచ్చిందంటే మళ్లీ ఆపరేషనే. నడక మాత్రం ఆపరేషన్ మర్నాటి నుంచే.

ఆ నడక ఊరికే చెప్తున్న మాట కాదు. 2025లో ఛాలెంజ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి, ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియా వాళ్లు చేసింది, పెద్ద పేగు కేన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మందిని తీసుకుని సగం మందికి మనిషిని పెట్టి మూడేళ్లు ఎక్సర్‌సైజ్ చేయించారు, మిగతా సగానికి పుస్తకం ఇచ్చి ఊరుకున్నారు. అయిదేళ్లకి కేన్సర్ తిరగబెట్టకుండా బాగున్నవాళ్లు ఎక్సర్‌సైజ్ గుంపులో 80.3 శాతం, రెండో గుంపులో 73.9 శాతం. చేసిందేమీ జిమ్ము కాదు, చాలామంది వేగంగా నడిచారు, వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావుగంట నుంచి గంట. మావయ్యగారు పొలం గట్లమీద ఆ నడకే నడుస్తానంటుంటే అత్తయ్య తలుపేస్తున్నారు! నీరసంగా ఉన్నరోజు పది నిమిషాలు చాలు, కీమో నీరసం పడుకుంటే పోదు, ఎంత పడుకుంటే అంత పెరుగుతుంది.

చెకప్‌లు అయిదేళ్లు. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆర్నెల్లకోసారి చూపించుకుని సీఈఏ అని కేన్సర్ జాడ చూసే రక్తపరీక్ష, తర్వాత ఆర్నెల్లకోసారి. సీటీ స్కాన్ ఏడాదికోసారి రాస్తారు మామూలుగా. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్ద పేగు లోపల చూడటం) ఆపరేషన్ అయిన ఏడాదికి, అది బాగుంటే మళ్లీ మూడేళ్లకి, ఆ తర్వాత అయిదేళ్లకి. సీఈఏ ఒకసారి కొంచెం పెరిగిందని ఇల్లంతా ఏడవొద్దు, సిగరెట్టు తాగేవాళ్లకీ కొంచెం ఎక్కువుంటుంది, మళ్లీ చేసి చూస్తారు. బాగున్నాం కదా అని మానెయ్యడం మాత్రం చెయ్యకండి. తిరగబెట్టినా తొందరగా దొరికితే లివర్లో ముక్కని కూడా తీసి బాగుచేస్తున్నారు ఇప్పుడు.

మీ ఆయనకి, అంటే కొడుకులకీ కూతుళ్లకీ, మావయ్యగారి తోబుట్టువులకీ కూడా కొలనోస్కోపీ కావాలి. లెక్క ఇలా: 40వ ఏట, లేదంటే ఇంట్లో మనిషికి కేన్సర్ బయటపడిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందొస్తే అది. మావయ్యగారికి 47లో వచ్చిందనుకో, పిల్లలకి 37కే. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పేగు కేన్సరో గర్భసంచి కేన్సరో ఉంటే, ఎవరికైనా 50 లోపే వచ్చినా, వంశంలో వచ్చే లించ్ సిండ్రోమ్ ఉందేమో చూసే జీన్ పరీక్ష ఉంది, డాక్టర్‌ని అడగండి, వాళ్లకి లెక్కలు ఇంకా ముందుకి జరుగుతాయి.

ఖర్చుల సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవలో కేన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు ఉన్నాయి, ఆసుపత్రిలో ఉండే వైద్య మిత్రని పట్టుకోండి. వైజాగ్ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది, ఇప్పుడు ముంబై దాకా పోనక్కర్లేదు. రైల్లో కేన్సర్ పేషెంట్‌కి ట్రీట్‌మెంటుకీ చెకప్‌కీ రాయితీ ఉంది, స్లీపరు, థర్డ్ ఏసీ పూర్తిగా ఫ్రీ, సెకండ్ క్లాసులో 75 శాతం తగ్గింపు, తోడొచ్చే మనిషికి స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం. దానికి ఆసుపత్రి డాక్టరు సంతకం, స్టాంపు ఉన్న ఫారం కావాలి, టికెట్ రిజర్వేషన్ కౌంటర్లోనే తీసుకోవాలి. ఫారం చెకప్ అయిపోయి బయటికొచ్చాక గుర్తుకొస్తుంది అందరికీ, అప్పుడు డాక్టరుగారు ఓపీ వదిలి ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లిపోయి ఉంటారు. లోపలికెళ్లగానే ముందు దానిమీద సంతకం పెట్టించుకుని ఆ తర్వాత రిపోర్టులు తియ్యండి.